మారిన సంస్థను గుర్తించడం ఎలా: వ్యాపార పరివర్తనకు అవార్డు ఇచ్చేవారి కోసం ఒక సమగ్ర మార్గదర్శి

స్టోర్స్ గుమాస్తా డ్రాయర్ లాగి పొడుగాటి నోటుబుక్ ఒకటి బల్ల మీద పెట్టాడు. అట్ట అంచులు నలిగిపోయి, వెనక టేపు అంటించి ఉంది. చివరగా రాసిన పేజీలో నిన్నటి తేదీ. "సిస్టమ్‌లో సాయంత్రం ఎక్కిస్తాం సార్. పగలంతా పని నడిచేది దీంతోనే" అన్నాడు, ఏ దాపరికం లేకుండా. గంట క్రితమే పై అంతస్తులో, స్టాకు లెక్కలన్నీ కాగితం లేకుండా నడుస్తున్నాయని ఆ సంస్థ మాకు నలభై స్లైడ్లు చూపించింది. వాళ్లు అబద్ధమాడారని నేను అనుకోను. కింద నోటుబుక్ ఉన్న సంగతి పైవాళ్లకు నిజంగానే తెలియదు.

ఆ సంస్థ దరఖాస్తుకు అప్పటికే నేను మంచి మార్కులు వేసి ఉన్నాను. వెనక్కి వచ్చి వాటిని కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ అవార్డు జ్యూరీలో కూర్చున్నా ఒకటే చూస్తున్నాను: మార్పు పని జరిగే చోటికి చేరిందా, చేరాక అక్కడ నిలిచిందా. ఘనంగా మొదలైన మార్పులు చాలా ఉంటాయి. హడావుడి సద్దుమణిగాక కూడా మిగిలినవి కొన్నే. గుర్తింపు ఆ కొన్నింటికి చేరేలా చూడటానికే ఈ అడుగులన్నీ. పరిశ్రమ సంఘాలకు, వాణిజ్య మండళ్లకు, తమ అనుబంధ సంస్థల్లో మంచివాటిని గుర్తించాలనుకునే పెద్ద గ్రూపులకు ఇవి పనికొస్తాయి.

మొదటి అడుగు: పోటీనా, ప్రమాణమా?

అవార్డు పెట్టాలని అనుకోగానే అందరూ హాలు, తేదీ, ముఖ్య అతిథి గురించి మాట్లాడతారు. వాటికంటే ముందు ఒక నిర్ణయం జరగాలి. వచ్చినవాళ్లలో మొదటివాళ్లకు ఇస్తారా, లేక ఒక గీత గీసి దాన్ని అందుకున్న వాళ్లందరికీ ఇస్తారా?

జపాన్‌లో 1951 నుంచి ఇస్తున్న డెమింగ్ ప్రైజ్ రెండో పద్ధతిలో నడుస్తుంది. నాణ్యతా నిర్వహణలో ఆ స్థాయికి చేరిన ప్రతి సంస్థకూ ఇస్తారు, ఇంతమందికే అన్న పరిమితి లేదు. అమెరికాలోని మాల్కమ్ బాల్డ్రిజ్ నాణ్యతా అవార్డుకు 1987లో చట్టం చేసి, 1988లో మొదటిసారి ఇచ్చారు. చాలా ఏళ్ల పాటు దాని దారి వేరుగా ఉండేది: 1000 పాయింట్ల మూల్యాంకనం, దశలవారీ వడపోత, చివర సందర్శన.

పరివర్తనను గుర్తించేటప్పుడు నా ఓటు ప్రమాణానికే. దివాలా అంచు నుంచి బయటపడిన తయారీ సంస్థనూ, బాగా నడుస్తూనే తన పాత వ్యాపారాన్ని తానే వదులుకున్న సేవా సంస్థనూ పక్కపక్కన నిలబెట్టి ఎవరు గొప్ప అని అడిగితే ఏ జ్యూరీ దగ్గరా న్యాయమైన జవాబు ఉండదు. గీత గీస్తే ఆ చిక్కు లేదు. ఒక ఏడాది ముగ్గురికి రావచ్చు, ఇంకో ఏడాది ఎవరికీ రాకపోవచ్చు. ఎవరికీ ఇవ్వని ఏడాది కూడా ఉంటుందని నియమావళిలో ముందే రాసుకోండి. తర్వాత రాద్దామంటే ఒత్తిడికి తట్టుకోలేరు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. దరఖాస్తు రుసుము మూల్యాంకన ఖర్చుకు సరిపోతే చాలు. దరఖాస్తు పెట్టిన సంస్థ నుంచి స్పాన్సర్‌షిప్ తీసుకోకండి, విందులో బల్లలు కొనమని అడక్కండి. ఆ ఒక్క పనితో మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు అవుతుంది.

రెండో అడుగు: ఏది పరివర్తన, ఏది కాదు

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం, లోగో మార్చడం, ఖర్చులు పది శాతం తగ్గించడం, ఇవన్నీ మంచి పనులే కావచ్చు. పరివర్తన అంటే వేరు. సంస్థ ఏం అమ్ముతుంది, ఎలా పనిచేస్తుంది, ఎవరు నిర్ణయిస్తారు అన్న మూడింటిలో కనీసం రెండు వెనక్కి తిప్పలేనంతగా మారి ఉండాలి.

ఫ్యూజీఫిల్మ్ సంగతి చూడండి. ఫోటో ఫిల్ముకు గిరాకీ 2000 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత ఏటేటా కూలిపోయింది. ఆ సంస్థ తన దగ్గరున్న రసాయన పరిజ్ఞానాన్ని బయటికి తీసి, ఎల్‌సీడీ తెరలకు వాడే ఫిల్ములు, వైద్య పరికరాలు, మందులు, చర్మ సంరక్షణ ఉత్పత్తుల వైపు మళ్లింది. ఫిల్ములో కొల్లాజెన్ ఉంటుంది. ఫోటో రంగు వెలిసిపోకుండా ఆపే రసాయన శాస్త్రం చర్మానికీ పనికొచ్చింది. అదే సమయంలో ఫిల్ము విభాగంలో ప్లాంట్లను, ఉద్యోగాలను బాగా తగ్గించుకుంది. కొత్తది చేర్చడం, పాతదాన్ని వదలడం రెండూ జరిగాయి.

అందుకే దరఖాస్తుదారులను నేను ముందుగా అడిగే ప్రశ్న "ఏం కొత్తగా మొదలుపెట్టారు?" అని కాదు, "ఏం ఆపేశారు?" అని. ఆపేసిన సమావేశాలు, రద్దయిన సంతకాలు, మూసేసిన ఉత్పత్తి లైన్లు, వద్దనుకున్న కస్టమర్లు. నిజంగా మారిన సంస్థ ఈ జాబితాను తడుముకోకుండా చెబుతుంది. పైపై మెరుగులు దిద్దుకున్న సంస్థ దగ్గర కొత్త పనులన్నీ పాత పనుల మీద పేర్చి ఉంటాయి, మనుషులు రెండూ మోస్తుంటారు.

మూడో అడుగు: తొందరపడకండి

మార్పు మొదలైన ఆరు నెలలకే అవార్డు ఇవ్వడం పెళ్లి పందిట్లోనే కాపురానికి బహుమతి ఇవ్వడం లాంటిది. అప్పటికి కనిపించేది ఉత్సాహం, నిలకడ కాదు.

దీనికి చరిత్రలో ఖరీదైన పాఠాలున్నాయి. 1990లో చిన్న వ్యాపారాల విభాగంలో బాల్డ్రిజ్ అవార్డు అందుకున్న వాలెస్ కంపెనీ 1992లో దివాలా రక్షణ కోరింది. ఇంధన వ్యాపార సంస్థ ఎన్రాన్‌ను ఫార్చూన్ పత్రిక వరుసగా ఆరేళ్లు అమెరికాలో అత్యంత వినూత్న సంస్థగా నిలబెట్టింది, 2001 డిసెంబరులో అది కుప్పకూలింది. ఇంకో ఉదాహరణ నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. అమెరికా విద్యుత్ సంస్థ ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ 1989లో డెమింగ్ ప్రైజ్ అందుకున్న మొదటి జపానేతర సంస్థ. ఆ రోజుల్లోనే వచ్చిన కొత్త అధిపతి ఉద్యోగులతో మాట్లాడితే, కాగితాల భారం గురించి, పద్ధతి కోసమే పద్ధతి పాటించడం గురించి ఫిర్యాదులు వచ్చాయి. నాణ్యతా విభాగాన్ని చాలావరకు కుదించేశారు. అక్కడ జరిగిన మంచి అబద్ధం కాదు. కానీ బహుమతి కోసం పరుగెత్తడమే ఒక పెద్ద పని అయిపోయింది.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: ప్రధాన మార్పు అమల్లోకి వచ్చి కనీసం 24 నెలలు గడిచి ఉండాలి. ఈ మధ్యలో మార్పును నడిపిన నాయకుడు వెళ్లిపోయి, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని కొనసాగిస్తుంటే అది దరఖాస్తుకు బలహీనత కాదు, అంతకు మించిన సాక్ష్యం ఉండదు. చాలా జ్యూరీలు దీన్ని తలకిందులుగా చూస్తాయి.

నాలుగో అడుగు: మార్కులు ఎక్కడ పెట్టాలి

ఉన్నవాటిని చూసి నేర్చుకోవచ్చు. యూరప్‌లో 1980ల చివర్లో పుట్టిన ఈఎఫ్‌క్యూఎం అనే నాణ్యతా నిర్వహణ సంస్థ తన నమూనాలో ప్రతి అంశాన్నీ ఒకే వరుసలో ప్రశ్నిస్తుంది: ఏ ఫలితం కావాలనుకున్నారు, దానికి ఏ విధానం ఎంచుకున్నారు, ఎంతవరకు అమలు చేశారు, చూసుకుని ఏం సరిదిద్దుకున్నారు. దాని 2020 కూర్పులో పనితీరుతో పాటు పరివర్తనను నడిపించడాన్ని ఒక ప్రత్యేక ప్రమాణంగా పెట్టారు. బాల్డ్రిజ్‌లోనైతే చాలా ఏళ్ల పాటు 1000 పాయింట్లలో 450 కేవలం ఫలితాలకే ఉండేవి.

మీకు అంత పెద్ద చట్రం అక్కర్లేదు. వంద మార్కులు చాలు. నేనైతే మార్పు అవసరాన్ని ఎంత నిజాయితీగా గుర్తించారన్న దానికి 10, చేసిన విధానానికి 15, అది సంస్థలో ఎంత లోతుకు చేరిందన్న దానికి 20, ఫలితాలకు 30, నిలకడకు 25 ఇస్తాను. లోతు, నిలకడ కలిపితే 45 అవుతోంది, ఫలితాల కంటే ఎక్కువ. కావాలనే అలా పెట్టాను. ఒక మంచి ఏడాదిలో ఫలితాలు ఎవరికైనా రావచ్చు.

ఫలితాల్లోనూ ఒకే అంకెను పట్టుకుని వేలాడకండి. ఒక్కో కస్టమర్‌కు ఎన్ని ఖాతాలు అమ్మారన్న లెక్క మీదే ఒత్తిడి పెట్టిన వెల్స్ ఫార్గో బ్యాంకులో ఏం జరిగిందో తెలిసిందే. కస్టమర్లకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచారు, 2016లో భారీ జరిమానా పడింది. అంకె పెరిగింది, బ్యాంకు మీద నమ్మకం పోయింది. అందుకే కస్టమర్లు, ఉద్యోగులు, సరఫరాదారులు, ఆర్థిక స్థితి, ఈ నాలుగు వైపుల నుంచీ కనీసం ఒక్కో కొలత అడగండి.

లాభనష్టాల్లో కనపడని కొలతను చిన్నచూపు చూడకండి. 1987లో పాల్ ఓనీల్ అల్యూమినియం సంస్థ ఆల్కోవా పగ్గాలు చేపట్టి, మొదటి మాటే కార్మికుల భద్రత గురించి మాట్లాడారు. వింటున్న మదుపరులు కంగారు పడ్డారు. కానీ ప్రమాదం ఎందుకు జరిగిందో తెలియాలంటే పని ఎలా జరుగుతోందో పూర్తిగా తెలియాలి, కింది నుంచి పైకి కబురు వేగంగా రావాలి. భద్రతను పట్టుకుంటే ఆ రెండూ వాటంతటవే బాగుపడ్డాయి. అలాంటి ఒక్క కొలతను ఎంచుకుని ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్న సంస్థ కనపడితే, నేను ఆ దరఖాస్తును రెండోసారి చదువుతాను.

ఐదో అడుగు: దరఖాస్తు ఫారం

పన్నెండు పేజీలకు మించనివ్వకండి. ఫోటోలు, వీడియోలు వద్దు. బయటి ఏజెన్సీ రాసిపెట్టిన భాష మొదటి పేరాలోనే తెలిసిపోతుంది, అయినా పరిమితి ఉంటేనే మంచిది. చిన్న సంస్థలు ఏజెన్సీలను పెట్టుకోలేవు కదా.

మూడు విషయాలు మాత్రం తప్పనిసరి చేయండి. మార్పుకు ముందు పరిస్థితి ఏమిటో ఆనాటి పత్రాలతో చూపాలి. ముఖ్యమైన కొలతలకు నెలవారీ అంకెలు 36 నెలలవి ఇవ్వాలి, ఏడాది సగటులు కుదరవు. మూడోది, ఈ ప్రయాణంలో ఏ ప్రయత్నం విఫలమైంది, ఎప్పుడు తెలిసింది, అప్పుడేం చేశారు అన్నది ఒక పేజీ రాయాలి. నేను దరఖాస్తు అందుకోగానే ముందు తిప్పేది ఆ పేజీకే. "చిన్న చిన్న ఇబ్బందులు ఎదురైనా టీమ్ స్ఫూర్తితో అధిగమించాం" అని ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. "ప్రాంతీయ ఆఫీసులను ఒక్కసారిగా కలిపేశాం, నాలుగు నెలల్లో ముప్పై మంది అనుభవజ్ఞులు వెళ్లిపోయారు, రెండు ఆఫీసులను మళ్లీ విడదీశాం" అని ఉంటే ఆ సంస్థ తనను తాను చూసుకుంటోందని అర్థం.

ఆరో అడుగు: అంకెలను ఎలా చదవాలి

ఇక్కడ కాస్త ఓపిక కావాలి. దరఖాస్తుల్లో వచ్చే అంకెలు చాలావరకు తప్పుడువి కావు, ఏరుకున్నవి.

ఊహకు ఒక లెక్క తీసుకుందాం. ఒక సంస్థ "ఆలస్యపు డెలివరీలు 31 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి" అని రాసింది. చూడగానే అద్భుతం. నెలవారీ అంకెలు తెప్పించి గ్రాఫ్ కాగితం మీద ఒక్కో నెలకు ఒక్కో చుక్క పెట్టి గీత కలిపితే అసలు బొమ్మ బయటపడుతుంది. మార్పుకు ముందు ఏడాదిలో ఆ అంకె 14కూ 31కీ మధ్య ఊగింది. తర్వాత ఏడాదిలో 12కూ 27కూ మధ్య ఊగుతోంది. వాళ్లు అన్నిటికంటే చెడ్డ నెలను తీసుకుని, అన్నిటికంటే మంచి నెలతో పోల్చారు. నిజానికి ఊగిసలాట అలాగే ఉంది, కాస్త కిందికి జరిగిందంతే. నిజమైన పరివర్తనలో రెండు కనిపిస్తాయి: గీత మొత్తం కిందికి దిగుతుంది, ఊగడమూ తగ్గుతుంది. ఊగడం తగ్గిందంటే పని చేతికి వచ్చిందని అర్థం.

దీనికి దగ్గరి చుట్టం ఇంకో పొరపాటు. బాగా చెడిన ఏడాది తర్వాత ఏం చేసినా, ఏం చేయకపోయినా, పరిస్థితి కొంత మామూలు స్థితికి వస్తుంది. సరిగ్గా ఆ చెడ్డ ఏడాదే మార్పు మొదలుపెట్టడం సహజం కాబట్టి, కోలుకున్న ఘనత అంతా మార్పు ఖాతాలో పడిపోతుంది. అందుకే పోల్చడానికి ఒక్క ఏడాది చాలదు, మార్పుకు ముందు మూడేళ్ల వార్షిక అంకెలు కూడా అడగండి.

తర్వాత అలల సంగతి. అమ్మకాలు 18 శాతం పెరిగాయంటారు. ఆ రంగం మొత్తం 20 శాతం పెరిగి ఉంటే, వాళ్లు నిజానికి వెనకబడ్డారు. అదే రంగంలోని సాటి సంస్థలతో పోల్చి చూపమనండి.

చివరిగా, చాలామంది అడగని ప్రశ్న: భారం తగ్గిందా, ఎవరి మీదకైనా జరిగిందా? చేతిలో నగదు పెరిగిందని గర్వంగా చెప్పే సంస్థ, సరఫరాదారులకు 45 రోజుల్లో ఇచ్చే డబ్బును 90 రోజులకు మార్చి ఉండొచ్చు. ఖర్చు తగ్గిందన్న చోట ఇద్దరి పని ఒక్కరు చేస్తుండవచ్చు. సరఫరాదారుల బకాయి రోజులు, ఉద్యోగుల రాజీనామాలు, ఓవర్‌టైమ్ గంటలు, ఈ మూడు అంకెలు పక్కన పెట్టుకుని ఫలితాల పేజీ చదివితే సగం సంగతి అక్కడే తేలుతుంది.

ఏడో అడుగు: జ్యూరీని ఎంచుకోవడం, మార్కులు వేయించడం

పేరున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే సరే, కానీ జ్యూరీ అంతా ఉత్సవ విగ్రహాలతో నింపకండి. కార్యకలాపాలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు, లెక్కలు చదవగలిగేవాళ్లు, మానవ వనరుల్లో పనిచేసినవాళ్లు, కనీసం ఒకరు ఆ రంగానికి పూర్తిగా బయటివాళ్లు ఉండాలి. బయటివాళ్లు అడిగే అమాయకపు ప్రశ్నలే చాలాసార్లు అసలు చోట తగులుతాయి. గత మూడేళ్లలో దరఖాస్తుదారుతో వ్యాపారం చేసినా, సలహా ఇచ్చినా, వాటాలు ఉన్నా, బంధుత్వం ఉన్నా ఆ దరఖాస్తు జోలికి రాకూడదు. ఆ సంగతి ప్రతి ఒక్కరి చేతా రాతపూర్వకంగా తీసుకోండి.

1920లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఒక విషయం గమనించారు. సైన్యంలో పైఅధికారులు తమ కింది వాళ్లకు తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, నడవడిక అంటూ విడివిడిగా మార్కులు వేస్తే, ఆ మార్కులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. ఒక గుణం నచ్చితే మిగతావన్నీ నచ్చేశాయి. సంస్థల విషయంలోనూ అచ్చం ఇదే జరుగుతుంది. లాభం పెరిగిందని తెలియగానే నాయకత్వం దూరదృష్టిగా, సంస్కృతి ఆదర్శంగా కనిపిస్తాయి. అదే సంస్థకు తర్వాతి ఏడాది నష్టం వస్తే ఆ నాయకత్వమే మొండితనం అయిపోతుంది.

దీనికి నేను వాడే మందు: ఫలితాల పేజీలను విడదీసి దాచండి. మొదటి విడతలో అవసరం, విధానం, లోతు చదివి మార్కులు వేయాలి, కవరులో పెట్టి అంటించాలి. ఆ తర్వాతే ఫలితాలు చేతికివ్వాలి. ఎవరికి వాళ్లు ఒంటరిగా వేయాలి, మాట్లాడుకోకుండా. ఇద్దరి మధ్య తేడా 20 మార్కులు దాటితే సగటు తీసి సర్దేయకండి. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఏ వాక్యం చూసి అలా వేశారో చెప్పమనండి. చర్చలో చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు చివర మాట్లాడాలి. మనలో పెద్దవాళ్లు ఒక మాట అన్నాక దాన్ని కాదనడం కష్టం, ఆ మొహమాటం ఉంటుందని ఒప్పుకుని ఏర్పాటు చేసుకోవడమే మంచిది.

ఎనిమిదో అడుగు: సందర్శన

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించగలిగితే, దీన్ని పాటించండి. వడపోతలో మిగిలిన ప్రతి సంస్థకూ కనీసం ఇద్దరు, వీలైతే రెండు రోజులు వెళ్లాలి.

స్వాగతం, ప్రెజెంటేషన్, జ్ఞాపిక, ఫోటో, వీటిని అరగంటకు కుదించమని ముందే రాయండి. ఎవరితో మాట్లాడాలో సంస్థ ఎంచకూడదు. హాజరు పట్టిక తెప్పించుకుని మీరే పేర్లు గుర్తు పెట్టండి: చేరి ఆరు నెలలు కానివాళ్లు కొందరు, పదేళ్లు దాటినవాళ్లు కొందరు, రాత్రి షిఫ్ట్ వాళ్లు కొందరు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు కొందరు. మాట్లాడేటప్పుడు పక్కన మేనేజరు ఉండకూడదు. వాళ్లు చెప్పింది పేరుతో సహా బయటికి రాదని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

"మార్పు గురించి మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగితే నేర్పించిన జవాబే వస్తుంది. పని గురించి అడగండి. నిన్న పొద్దున వచ్చాక మొదట ఏం చేశారు? రెండేళ్ల క్రితం ఇదే పని ఎలా చేసేవారు? ఏదైనా తప్పు జరిగితే ఎవరికి చెబుతారు, చెప్పాక ఏమవుతుంది? చివరిసారి ఎప్పుడు చెప్పారు? ఈ ఆఖరి ప్రశ్నకు తేదీతో జవాబు వస్తే ఎంతో మేలు.

ఒక సందర్శన నా మనసులో ఉండిపోయింది. ప్రెజెంటేషన్ పేలవంగా సాగింది, స్లైడ్లలో అచ్చుతప్పులు, చెప్పే ఆయనకు టెన్షన్. నిజం చెప్పాలంటే అప్పటికే నాకు ఆసక్తి తగ్గింది. రాత్రి పది గంటలకు షిఫ్ట్ మారే వేళ ప్యాకింగ్ లైన్ దగ్గరికి వెళ్లాం. వెళ్తున్న సూపర్‌వైజరు, వస్తున్న సూపర్‌వైజరు బోర్డు ముందు నిలబడ్డారు. బోర్డు మీద ఆ రోజు ఆగిపోయిన నిమిషాలు చేత్తో రాసి ఉన్నాయి. ఒక చోట 22 అని రాసి, చుట్టూ గీత గీసి ఉంది. "ఇదేంటన్నా?" అని కొత్తాయన అడిగాడు. "సీల్ వేసే బెల్టు జారింది. నేనే లైన్ ఆపేశా. మెకానిక్ వచ్చి బిగించాడు కానీ అది నిలవదు తమ్ముడూ, మళ్లీ జారుతుంది. జారితే నడిపించొద్దు, ఆపెయ్" అన్నాడాయన. నేను పక్కకు పిలిచి, లైన్ ఆపితే పైనుంచి ఏమీ అనరా అని అడిగాను. "ఇదివరకు ఆపితే సంజాయిషీ రాయాలి సార్. ఇప్పుడు ఆపకపోతే అడుగుతారు" అన్నాడు. మేం అక్కడ ఉన్నామని కాకుండా, అలవాటుగా జరిగిన మాటలవి. దరఖాస్తు పన్నెండు పేజీల్లో చెప్పలేకపోయింది అక్కడ రెండు నిమిషాల్లో తెలిసింది.

బోర్డులు చూసేటప్పుడు చేతిరాత చూడండి. నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే రాతతో నిండి ఉంటే అది మీరొస్తున్నారని నింపింది. రంగులు మారి, కొట్టివేతలు ఉండి, మధ్యలో ఒకటి రెండు ఖాళీలు ఉంటే నిజంగా వాడుతున్నారు. డ్రాయర్లలో పాత రిజిస్టర్లు, కంప్యూటర్లో ఎవరికి వాళ్లు పెట్టుకున్న సొంత ఎక్సెల్ షీట్లు ఉన్నాయేమో మర్యాదగా అడగండి. ఉంటే చూపించినవాళ్లను తప్పుపట్టకండి. కొత్త పద్ధతి ఎక్కడ వాళ్ల అవసరం తీర్చలేదో ఆ పాత షీటే చెబుతుంది. దాని గురించి యాజమాన్యానికి తెలుసా, తెలిసి ఏం చేస్తోంది అన్నదే మార్కుల విషయం.

ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో, ఇద్దరు సరఫరాదారులతో ఫోన్లో మాట్లాడటం మరచిపోకండి. ఆ పేర్లు కూడా సంస్థ ఇచ్చిన జాబితాలోంచి కాకుండా, బిల్లుల ఫైలు తిరగేసి మీరే తీసుకోవాలి.

తొమ్మిదో అడుగు: నిర్ణయం

సందర్శన నుంచి వచ్చాక 48 గంటల్లో నోట్సు రాసేయండి, మార్కులు సవరించండి. ప్రతి సవరణ పక్కన కారణం ఒక్క వాక్యం ఉండాలి. చట్టపరమైన కేసులు, కార్మిక వివాదాలు, పన్ను బకాయిలు, భద్రతా ఉల్లంఘనలు లేవని విడిగా తనిఖీ చేయించండి. గీత దాటినవాళ్ల పేర్లు ప్రకటించే వరకు నిర్వాహక సంఘం పెద్దలకు కూడా తెలియకపోవడమే క్షేమం.

పదో అడుగు: వేదిక మీద ఎవరు, ప్రశంసాపత్రంలో ఏముంటుంది

"విశిష్ట పరివర్తనకు గాను ఈ పురస్కారం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అదే పత్రాన్ని ఏ సంస్థకైనా ఇచ్చేయొచ్చు. ఏం మారిందో రాయండి: "ఉత్పత్తి లైన్‌ను ఆపే అధికారం సూపర్‌వైజర్లకు అప్పగించి, రెండేళ్ల పాటు దాన్ని నిలబెట్టినందుకు." చదివినవాళ్లు తమ సంస్థలో అది ఉందా అని ఆలోచిస్తారు. అది వేలాడుతున్న గోడ పక్కనుంచి రోజూ నడిచే ఉద్యోగులు కూడా ఆ వాక్యంలో తమను చూసుకోవాలి.

వేదిక మీదకు అధిపతి ఒక్కరే వస్తే మార్పు ఆయన సొంతం అయిపోతుంది. నలుగురిని పిలవండి, వాళ్లలో ఇద్దరు పని జరిగే చోటివాళ్లు కావాలి. ప్రయాణ ఖర్చు నిర్వాహకులే పెట్టుకోండి. మాట్లాడే అవకాశం కూడా వాళ్లలో ఒకరికి ఇవ్వండి, మూడు నిమిషాలు చాలు. బాల్డ్రిజ్ విజేతలు తమ పద్ధతులను ఇతర సంస్థలతో పంచుకోవాలన్న ఆనవాయితీ ఉంది. మీరూ విజేతలు ఏడాదిలో రెండు రోజులు ఇతర సంస్థలకు తలుపులు తెరవాలన్న షరతు పెట్టండి, వ్యాపార రహస్యాలు మినహాయించి.

పదకొండో అడుగు: రానివాళ్లకు ఏమిస్తారు

దరఖాస్తు పెట్టడానికి ఒక చిన్న సంస్థ నెల రోజుల శ్రమ పోస్తుంది. వాళ్లకు "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని ఒక ఈమెయిల్ పంపి ఊరుకోవడం అన్యాయం. బాల్డ్రిజ్ కార్యక్రమం దరఖాస్తు చేసిన ప్రతి సంస్థకూ బలాలు, మెరుగుపడాల్సిన చోట్లు వివరిస్తూ నివేదిక ఇస్తూ వచ్చింది. చాలా సంస్థలు ఆ నివేదిక కోసమే దరఖాస్తు పెట్టేవి. మీరు నాలుగు పేజీలు రాయండి. అందులో ప్రతి వ్యాఖ్యా ఒక రుజువుతో ముడిపడాలి: "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాయకండి, "మేం మాట్లాడిన 14 మందిలో ఐదుగురికి మాత్రమే కొత్త ఫిర్యాదుల పద్ధతి తెలుసు" అని రాయండి.

నోటుబుక్ దొరికిన ఆ సంస్థకు మేం అలాంటి నివేదికే ఇచ్చాం. గుమాస్తా పేరు రాయలేదు, ఏ విభాగమో కూడా స్పష్టంగా చెప్పలేదు. పగటిపూట సిస్టమ్ ఎందుకు వాడలేకపోతున్నారో కారణం మాత్రం రాశాం: సరుకు దిగే చోట తెర లేదు, ప్రతిసారీ నడిచి వెళ్లి నమోదు చేయాలి, లారీ ఆగదు. రెండేళ్లకు వాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టారు. విఫలమైన ప్రయత్నాల పేజీలో మొదటి అంశం అదే.

పన్నెండో అడుగు: తర్వాతి చూపు

అవార్డు ఇచ్చిన 18 నెలలకు ఒకసారి మళ్లీ వెళ్తామని ముందే ఒప్పందంలో రాయించుకోండి. డెమింగ్ ప్రైజ్ అందుకున్న సంస్థ కనీసం మూడేళ్లు దాన్ని నిలబెట్టుకున్నాకే పై స్థాయి అయిన గ్రాండ్ ప్రైజ్‌కు అర్హత పొందుతుంది. మీ దగ్గర రెండో స్థాయి లేకపోయినా, ఒక రోజు సందర్శన, ఒక పేజీ నోటు చాలు. నిలిచి ఉంటే ప్రశంసాపత్రం కింద ఆ ఏడాది ముద్ర వేయండి. మోసం బయటపడితే వెనక్కి తీసుకునే నిబంధన ఉండాలి, తీసుకున్నప్పుడు కారణం బహిరంగంగా చెప్పాలి. వ్యాపారం మందగించడం మాత్రం వెనక్కి తీసుకోవడానికి కారణం కాకూడదు.

ఆ రోజుకు మొదటిసారి వెళ్లిన ఇద్దరిలో ఒకరిని, కొత్తవాళ్లు ఒకరిని పంపండి. ఆఫీసులోకి వెళ్లకుండా, షిఫ్ట్ మారే వేళకు నేరుగా లైన్ దగ్గరికి వెళ్లమనండి. అప్పుడు మాట్లాడిన సూపర్‌వైజరు ఉంటే పలకరించాలి, ఉద్యోగం మానేసి ఉంటే ఆయన స్థానంలో వచ్చినవాళ్లను అదే ప్రశ్న అడగాలి: చివరిసారి లైన్ ఎప్పుడు ఆపారు?